ముడి చమురు దిగొచ్చినా బంకులో రేటు ఎందుకు దిగదు?

క్లుప్తంగా: అంతర్జాతీయ మార్కెట్లో చమురు తగ్గితే ఆ ప్రభావం మన బంకు దాకా రావడానికి నిజంగా పట్టే సమయం రెండు మూడు వారాలే. అంతకు మించి నెలలూ ఏళ్లూ ఆగిందంటే, ఆ తగ్గుదల దారిలోనే ఖర్చయిపోయిందన్నమాట. కొంత రూపాయి పతనం తినేస్తుంది. కొంత కేంద్ర ఎక్సైజ్ సుంకంలోకి, కొంత రాష్ట్రాల వ్యాట్‌లోకి, కొంత చమురు సంస్థల పాత నష్టాల పూడికలోకి పోతుంది. రేటు పెరిగేటప్పుడు కూడా ఇదే యంత్రాంగం కొంతమేర అడ్డుకట్ట వేస్తుందన్నది నిజమే. కానీ ఎప్పుడు ఎంత ఆపాలి, ఎంత వదలాలి అన్నదానికి రాసిపెట్టిన నియమం లేదు.

2022 జూన్‌లో భారత్ కొనే ముడి చమురు నెల సగటు ధర బ్యారెల్‌కు 116 డాలర్లు. ఆ ఏడాది డిసెంబరు నాటికి అది 80 డాలర్ల లోపుకు వచ్చేసింది. హైదరాబాద్ బంకుల్లో మాత్రం 2022 మే 22న లీటరు పెట్రోలు 109.66 రూపాయలకు చేరి, 2024 మార్చి 14 దాకా అక్కడే నిలిచిపోయింది. దాదాపు ఇరవై రెండు నెలలు. విచిత్రమేమిటంటే ఆ కాలమంతా దేశంలో అమల్లో ఉన్నది రోజూ ఉదయం ఆరు గంటలకు ధర మార్చే విధానమే.

ఈ విధానానికి తొలి ప్రయోగశాలల్లో మన విశాఖపట్నం ఒకటి. 2017 మే 1న విశాఖ, పుదుచ్చేరి, ఉదయ్‌పూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్‌లలో రోజువారీ సవరణ మొదలైంది. జూన్ 16 నుంచి దేశమంతటికీ విస్తరించింది. అంతకు ముందు ప్రతి నెలా 1న, 16న ధరలు మారేవి. రోజూ పైసల్లో మారితే ఒక్కసారిగా భారం పడదని, తగ్గినా వెంటనే తెలుస్తుందని అప్పట్లో చెప్పారు. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లోనే తొలగింది, డీజిల్‌పై 2014 అక్టోబరులో. కాగితం మీద చూస్తే ధరను నిర్ణయించేది మార్కెట్టే.

### ఒక లీటరును విడదీసి చూస్తే

2024 మార్చి 15న లీటరుకు ఢిల్లీలో 94.72 రూపాయలు, హైదరాబాద్‌లో 107.41 రూపాయలు. ఈ రెండు అంకెల్లోంచి రాష్ట్ర వ్యాట్ తీసేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఢిల్లీలో పెట్రోలుపై వ్యాట్ 19.40 శాతం. అది పోగా మిగిలేది 79.33 రూపాయలు. తెలంగాణలో వ్యాట్ 35.20 శాతం. అది పోగా మిగిలేది 79.45 రూపాయలు. తేడా పన్నెండు పైసలు! ఢిల్లీవాసికీ హైదరాబాదీకీ లీటరు దగ్గర వచ్చిన పన్నెండున్నర రూపాయల అంతరమంతా వ్యాట్‌దే. ఢిల్లీలో లీటరుకు 15.39 రూపాయలు వసూలైతే, ఇక్కడ 27.96.

ఆ 79 రూపాయల్లో కేంద్ర ఎక్సైజ్ సుంకం 19.90. డీలర్ కమీషన్ నాలుగు రూపాయల లోపే. మిగిలిన సుమారు 55 రూపాయల 70 పైసల్లోనే ముడి చమురు, శుద్ధి, రవాణా, కంపెనీ లాభం అన్నీ ఇమిడి ఉన్నాయి. ఆ నెలలో ముడి చమురు బ్యారెల్ సుమారు 84 డాలర్లు, డాలరు దాదాపు 83 రూపాయలు. బ్యారెల్ అంటే 159 లీటర్లు. లెక్క కడితే లీటరు ముడి చమురు దాదాపు 44 రూపాయలు పడింది.

అంటే 107 రూపాయల రేటులో ముడి చమురు వాటా 44 రూపాయలే. ముడి చమురు ఇరవై శాతం తగ్గి, ఆ మొత్తాన్నీ వినియోగదారుడికే ఇచ్చేసినా హైదరాబాద్‌లో రేటు తగ్గేది పన్నెండు రూపాయల లోపు, అంటే పదకొండు శాతమే. ఎక్సైజ్ సుంకం శాతాల్లో కాక లీటరుకు ఇంత అని ఉంటుంది కాబట్టి చమురు పడిపోయినా అది కదలదు. "చమురు ఐదో వంతు తగ్గింది, పెట్రోలు కూడా ఐదో వంతు తగ్గాలి కదా" అన్న మాట వినడానికి సబబుగా ఉన్నా ఇక్కడే తప్పుతుంది. ఆ పదకొండు శాతమైనా ఎందుకు రాలేదన్నది అసలు ప్రశ్న.

### డాలర్లలో దిగింది, రూపాయల్లో ఎక్కింది

భారత్ తన చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది, చెల్లింపులు ఎక్కువగా డాలర్లలోనే. 2013-14లో భారత్ కొన్న ముడి చమురు సగటు ధర బ్యారెల్‌కు 105 డాలర్ల పైన. 2023-24లో 82 డాలర్ల పైన. డాలర్లలో చూస్తే ఐదో వంతుకు పైగా తగ్గింది. కానీ మొదటి ఏడాది డాలరు సగటున అరవై రూపాయలు, రెండో ఏడాది 83కు దగ్గర. లీటరు లెక్కన చూస్తే అప్పుడు దాదాపు 40 రూపాయలు పడిన ముడి చమురు పదేళ్ల తర్వాత 43 రూపాయలు పడింది. అంతర్జాతీయంగా చవకైన సరుకు మన చేతికి వచ్చేసరికి ప్రియమైపోయింది.

పాత ధరలతో పోల్చే చర్చల్లో ఈ సంగతి తరచూ జారిపోతుంది. అలాగని రూపాయి మీదే భారమంతా నెట్టడానికీ వీల్లేదు. 2022 జూన్ నుంచి డిసెంబరు మధ్య రూపాయి పడింది ఐదారు శాతమే, ముడి చమురు పడింది మూడో వంతు.

### ఓడ నుంచి బంకు ట్యాంకు దాకా

తరచూ వినిపించే మరో సమాధానం పాత నిల్వలు. గల్ఫ్ నుంచి ఓడ రావాలి, విశాఖ లాంటి రిఫైనరీలో శుద్ధి కావాలి, పైపులైన్లలో డిపోలకు చేరాలి, అక్కడి నుంచి ట్యాంకర్లలో బంకుకు రావాలి. ఖరీదుగా కొన్న చమురు అయిపోయాకే కదా చవక చమురు వచ్చేది అంటారు. ఈ వాదనలో కొంత నిజముంది. దేశంలో చమురు సంస్థల దగ్గర, అత్యవసరాల కోసం ప్రభుత్వం దాచే వ్యూహాత్మక నిల్వల్లో కలిపి డెబ్బై రోజులకు పైగా సరిపడే చమురు, ఉత్పత్తులు నిల్వ ఉంచే సామర్థ్యముందని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ వ్యూహాత్మక నిల్వల్లో విశాఖ భూగర్భ గుహల వాటా 13.3 లక్షల టన్నులు.

అయితే మన ధరల సూత్రం నిల్వ ఖరీదు మీద నడవదు. రిఫైనరీ గేటు దగ్గర పెట్రోలు ధరను "ఇదే పెట్రోలును ఇవాళ బయటి నుంచి తెప్పిస్తే ఎంత, బయటికి పంపితే ఎంత" అన్న లెక్కతో కడతారు. 2006 నుంచి దిగుమతి ధరకు 80 శాతం, ఎగుమతి ధరకు 20 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. రోజువారీ సవరణలో చూసేది గత పదిహేను రోజుల అంతర్జాతీయ సగటు. కంపెనీ తన చమురును ఎంతకు కొన్నదన్నది ఈ సూత్రంలో లేనే లేదు. పెరిగేటప్పుడు పాత చవక నిల్వను కొత్త ధరకు అమ్మడం ఎంత సహజమో, తగ్గేటప్పుడు పాత ఖరీదు నిల్వను కొత్త ధరకు అమ్మడమూ అంతే సహజం కావాలి. కంపెనీల లెక్కల్లో నిల్వ లాభాలు, నిల్వ నష్టాలు అని విడిగా కనిపించేవి ఇవే.

కాబట్టి సూత్రం ప్రకారం నడిచే ఆలస్యం సుమారు పక్షం రోజులు. మరొక్క మెలిక ఉంది. ఆ సూత్రం చూసేది ముడి చమురు ధరను కాదు, తయారైన పెట్రోలు, డీజిల్ అంతర్జాతీయ ధరను. ప్రపంచంలో రిఫైనరీల కొరత వస్తే ముడి చమురు తగ్గుతున్నా డీజిల్ ఎక్కువలోనే ఉండొచ్చు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2022లో కొన్ని నెలలు జరిగింది అదే.

### చమురు తగ్గినప్పుడల్లా పెరిగిన పన్ను

2014 మధ్యలో వంద డాలర్ల పైనున్న చమురు 2016 జనవరికి ముప్పై డాలర్ల లోపుకు జారింది. ఆ జారుడు సాగుతుండగానే, 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా, కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. పెట్రోలుపై మొత్తం 11.77 రూపాయలు, డీజిల్‌పై 13.47. పెట్రోలియం నుంచి కేంద్రానికి వచ్చిన ఎక్సైజ్ ఆదాయం 2014-15లో 99 వేల కోట్లు ఉంటే 2016-17లో 2 లక్షల 42 వేల కోట్లు దాటింది.

రాష్ట్రాలూ ఆ అవకాశాన్ని వదులుకోలేదు. విభజన జరిగి ఏడాదైనా కాని 2015 ఆరంభంలో తెలంగాణ పెట్రోలు వ్యాట్‌ను 31 నుంచి 35.20 శాతానికి, డీజిల్ వ్యాట్‌ను 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ శాతాన్ని కదపకుండా ఫిబ్రవరిలో లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్ వేసింది. 2018 సెప్టెంబరులో అందులో రెండు రూపాయలు తగ్గించినా, 2020 జులైకి అది మళ్లీ నాలుగుకు చేరింది. అదే ఏడాది రోడ్ల అభివృద్ధి పేరిట రూపాయి సెస్సు తోడైంది. చమురు చవకగా ఉన్నప్పుడు వేసిన పన్ను కాబట్టి వేసిన రోజున ఎవరికీ పెద్దగా తెలియలేదు. చమురు మళ్లీ ఎక్కినప్పుడు ఆ పన్ను అక్కడే ఉండిపోయిందన్న సంగతి అందరికీ తెలిసొచ్చింది.

2020 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. కరోనా లాక్‌డౌన్‌తో ఏప్రిల్‌లో భారత్ కొనే చమురు సగటు ఇరవై డాలర్లకు పడిపోయింది. లీటరు లెక్కన తొమ్మిదిన్నర రూపాయలు, అంటే లీటరు మంచినీళ్ల సీసా కంటే చవక. మార్చిలో మూడు రూపాయలు, మే మొదటి వారంలో మరో పది రూపాయలు పెంచడంతో పెట్రోలుపై ఎక్సైజ్ సుంకం 32.98 రూపాయలైంది. ఆ పెంపు బంకు రేటులో కనబడలేదు, ఎందుకంటే తగ్గాల్సిన మొత్తం అందులోకే వెళ్లింది. మార్చి మధ్య నుంచి 82 రోజులు రోజువారీ సవరణ ఆగిపోయింది. జూన్ 7న మళ్లీ మొదలయ్యేసరికి చమురు ఎక్కడం ప్రారంభించింది. అంటే దిగుతున్న కాలమంతా గడియారం ఆగింది, ఎక్కే కాలానికి నడిచింది. ఆ ఏడాది ఎక్సైజ్ ఆదాయం 3 లక్షల 72 వేల కోట్లు దాటింది.

లాక్‌డౌన్‌లో మిగతా ఆదాయాలన్నీ ఎండిపోయిన ప్రభుత్వానికి అది పెద్ద ఆసరా అన్నది కాదనలేని విషయం. ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో ఎనిమిది పైసలు, నవంబరులో ఐదు రూపాయలు, 2022 మేలో ఎనిమిది రూపాయలు తగ్గించి కేంద్రం పెట్రోలు సుంకాన్ని 19.90కి దించింది కూడా. 2021 నవంబరులో చాలా రాష్ట్రాలు తమ వ్యాట్‌నూ తగ్గించాయి. తెలుగు రాష్ట్రాలు రెండూ తగ్గించలేదు.

2025 ఏప్రిల్‌లో మళ్లీ అదే బాణీ. చమురు డెబ్బై డాలర్ల లోపుకు దిగగానే 8వ తేదీ నుంచి పెట్రోలు, డీజిల్‌పై రెండేసి రూపాయల ఎక్సైజ్ పెరిగింది, బంకు రేటు మారలేదు. ఏడాదికి ఆ రెండు రూపాయల విలువ సుమారు 32 వేల కోట్లు.

ఈ పెంపుల్లో రాష్ట్రాలకు సంబంధించిన చిక్కు ఒకటుంది. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత లీటరు పెట్రోలుపై కేంద్రం వేసిన 21.90 రూపాయల్లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల ఎక్సైజ్ 1.40 రూపాయలే. మిగిలిందంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. అయినా రాష్ట్రాలు గట్టిగా ఎదిరించకపోవడానికి కారణం వ్యాట్ లెక్కలో దొరుకుతుంది. వ్యాట్ శాతం, ఎక్సైజ్‌తో కలిసిన మొత్తం మీద పడుతుంది. చమురు పది డాలర్లు తగ్గితే లీటరుకు సుమారు ఐదు రూపాయల ఇరవై పైసలు తగ్గాలి. దాన్ని వదిలేస్తే తెలంగాణ వ్యాట్ లీటరుకు 1.80 రూపాయలకు పైగా పడిపోతుంది. అదే మొత్తాన్ని కేంద్రం సుంకంగా తీసుకుంటే రాష్ట్ర ఆదాయం పైసా తగ్గదు. రేటు నిలకడగా ఉంటే రెండు ఖజానాలకూ క్షేమమే.

### సంస్థల జమాఖర్చు

2022-24 నాటి నిశ్చలతకు పన్ను కారణం కాదు, అది చమురు సంస్థల కథ. దేశంలోని బంకుల్లో దాదాపు తొంభై శాతం ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియంవే. 2022 మార్చి చివర్లో రెండు వారాల్లో పది రూపాయలు పెంచి, ఏప్రిల్ 6 తర్వాత అవి ధరల్ని స్తంభింపజేశాయి. చమురు 116 డాలర్లు తాకినా కదలలేదు. ఆ ఏప్రిల్-సెప్టెంబరు మధ్య మూడు సంస్థలకు కలిపి 21 వేల కోట్లకు పైగా నష్టం వచ్చింది. వంటగ్యాసును తక్కువకు అమ్మిన భారమూ అందులో ఉంది. దానికి కేంద్రం 22 వేల కోట్లు పరిహారమిచ్చింది.

ఆ తర్వాత చమురు దిగింది. అప్పుడు రేటు తగ్గించకుండా పాత నష్టాన్ని పూడ్చుకుంటామని సంస్థలు అనడంలో న్యాయముంది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో వినియోగదారుడు 120, 130 రూపాయలు కట్టకుండా కాపాడినది ఆ స్తంభనే. కానీ 2022-23 ఆర్థిక సంవత్సరం ముగిసేసరికే మూడింటి లెక్క కలిపి స్వల్ప లాభంలోకి వచ్చేసింది. 2023-24లో వాటి ఉమ్మడి లాభం దాదాపు 81 వేల కోట్లు. 2021-22లో వచ్చినదానికి రెట్టింపు పైమాటే. పూడిక పూర్తయ్యాక కూడా ఏడాది దాకా రేటు తగ్గలేదు. తగ్గింది లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడే ముందు, 2024 మార్చి 15న, ఢిల్లీలో రెండు రూపాయలు. హైదరాబాద్‌లో వ్యాట్ శాతం ఎక్కువ కాబట్టి అది రెండుంపావు.

ఎన్నికల క్యాలెండరుకూ ధరల క్యాలెండరుకూ మధ్య పోలిక ఇదొక్కచోటే కనిపించదు. 2018లో కర్ణాటక పోలింగ్‌కు ముందు 19 రోజులు ధర కదలలేదు, ఓటింగ్ అయ్యాక పెరిగింది. 2021 నవంబరు నుంచి 2022 మార్చి 21 దాకా, ఉత్తరప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికల కాలంలో 137 రోజులు స్థిరంగా ఉంది. ధర నిర్ణయం పూర్తిగా సంస్థలదేనన్నది అధికారిక మాట. తేదీలు చూసినవారికి ఆ మాట నమ్మడం కష్టం.

ప్రైవేటు బంకులు పోటీకి దిగి తగ్గించవచ్చు కదా అంటే, వాటి సంఖ్య పదో వంతే. ప్రభుత్వ సంస్థలు ఎప్పుడు నష్టానికి అమ్ముతాయో తెలియని చోట ప్రైవేటు వ్యాపారం పెద్దగా విస్తరించదు.

### బంకు యజమాని ఎక్కడున్నాడు?

కోపమంతా కళ్లెదుట కనిపించే బంకు మీద పడుతుంది. నిజానికి డీలరుకు దక్కేది లీటరుకు ఇంత అని ముందే ఖరారైన కమీషన్. రేటు మీద ఆయనకు ఎలాంటి అధికారమూ లేదు. పైగా తగ్గింపు ఒక్కసారిగా వస్తే నష్టపోయే మొదటి మనిషి ఆయనే. 12 వేల లీటర్ల ట్యాంకరుకు ముందే డబ్బు కట్టి సాయంత్రం దింపించుకున్నాడనుకుందాం. తెల్లారేసరికి ఎక్సైజ్ ఎనిమిది రూపాయలు తగ్గితే, వ్యాట్ సంగతి పక్కన పెట్టినా, ఆ ఒక్క లోడు మీదే 96 వేలు పోయినట్టే. 2021 నవంబరులో, 2022 మేలో డీలర్లు మొత్తుకున్నది దీని గురించే. పైసల్లో రోజూ తగ్గితే ఈ దెబ్బ ఉండదు.

సరిహద్దుల్లో డీలర్ల అవస్థ మరో రకం. కాకినాడ పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది. అక్కడ పెట్రోలు రేటు ఆంధ్ర బంకుల కన్నా పది రూపాయలకు పైగా తక్కువ. గోదావరి అదే, ట్యాంకరు వచ్చే డిపోలు అవే, మారేది పన్ను మాత్రమే.

### మిగతా దేశాల్లో

పెరిగేటప్పుడు రాకెట్‌లా, తగ్గేటప్పుడు ఈకలా అన్న పోలికను ఆర్థికవేత్తలు 1990ల నుంచి వాడుతున్నారు. అది మొదట బ్రిటన్ పెట్రోలు గురించి చెప్పినది. అక్కడ ప్రభుత్వ నియంత్రణ లేకున్నా అలాగే జరుగుతుంది. ధర దిగుతున్నప్పుడు జనం చవక బంకు కోసం అంతగా వెతకరు, దాంతో అమ్మేవాడికి తొందర ఉండదు. 2019-2022 మధ్య సూపర్‌మార్కెట్ బంకుల మార్జిన్ లీటరుకు ఆరు పెన్నీలు పెరిగిందని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2023లో తేల్చింది.

అమెరికాలో ఈక కాస్త వేగంగా రాలుతుంది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లు ఒకే వీధిలో రెండు బంకుల్లో రెండు రేట్లు చూస్తారు, అవీ వారం తిరక్కుండా మారతాయి. టెక్సాస్‌లో గ్యాలన్‌పై కేంద్ర, రాష్ట్ర పన్నులు కలిపి 38.4 సెంట్లే. గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. 1993 తర్వాత ఆ రెండూ మారలేదు. పన్ను తక్కువ, అది కదలదు, బంకుల మధ్య పోటీ ఉంది. మన దగ్గర ఈ మూడూ తలకిందులు.

### ఇప్పుడు తోడైన మరో పొర: ఇథనాల్

2025 నాటికి లీటరు పెట్రోలులో దాదాపు ఐదో వంతు ఇథనాల్. చెరకు, మొక్కజొన్న, బియ్యం నూకల నుంచి వచ్చే దీని కొనుగోలు ధరకు ముడి చమురుతో సంబంధం లేదు. 2025 జులై నాటికి సంస్థలకు అది సగటున లీటరు 71 రూపాయలకు పైగా పడుతోందని ప్రభుత్వమే చెప్పింది, అంటే పన్నుల ముందు పెట్రోలు కంటే ఎక్కువ. దిగుమతి తగ్గడం, రైతుకు గిరాకీ దక్కడం దీనివల్ల మేలే. అయితే చమురు ధర ఎంత పడినా లీటరులో ఆ ఐదో వంతుకు తగ్గుదల వర్తించదు.

### దీని ప్రభావం ఎవరి మీద

బైకు మీద ఆఫీసుకు వెళ్లేవారికి నెలకు కొన్ని వందల తేడా. అసలు బరువు డీజిల్ దగ్గరుంది. లారీ కిరాయిలో డీజిల్‌దే పెద్ద వాటా, కిరాయి కూరగాయల ధరలోకి, సిమెంటు బస్తాలోకి వస్తుంది. దుక్కి దున్నే ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు, చేపల వేట పడవ, అన్నీ డీజిల్ మీదే. చమురు చవకైన కాలంలో ఈ ఖర్చులు దిగకపోతే ఆ లాభం ఉత్పత్తిదారుకూ చేరదు, కొనేవాడికీ చేరదు. మరోవైపు రోడ్లకు, సంక్షేమానికి ఖర్చయ్యే డబ్బులో ఇదో పెద్ద వాటా. ఈ ఆదాయం పోతే మరో చోట పన్ను వేయక తప్పదన్న ప్రభుత్వాల వాదన తీసిపారేసేది కాదు.

జీఎస్టీలోకి తెస్తే తీరుతుందన్న ఆశకు సమీపంలో ఆధారం లేదు. రాజ్యాంగ సవరణలోనే పెట్రోలు, డీజిల్ ఎప్పుడు చేరాలన్నది జీఎస్టీ మండలి చెప్పే తేదీకి వదిలేశారు. 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో చర్చకు వచ్చి, ఇది సమయం కాదని వెనక్కి వెళ్లింది. అంతకన్నా సులువైన మార్గాలున్నాయి. చమురు ఒక స్థాయి దాటితే సుంకం దానంతట అదే తగ్గేలా, దిగితే పెరిగేలా ముందే ప్రకటించిన పట్టిక ఒకటి. స్తంభన కాలంలో సంస్థలు ఎంత పోగొట్టుకున్నాయో, ఎంత తిరిగి రాబట్టాయో లీటరు లెక్కన నెలనెలా బయటపెట్టడం మరొకటి. ఆ రెండో అంకె కళ్లముందుంటే 2023లో పూడిక ఏ నెలకు పూర్తయిందో ఎవరైనా చెప్పగలిగేవారు.

అంతవరకు పాఠకుడు తానే వేసుకోగల లెక్క ఒకటుంది. డాలరు 83 రూపాయల దగ్గర ఉంటే బ్యారెల్‌పై పది డాలర్ల తగ్గుదలకు హైదరాబాద్‌లో లీటరుకు ఏడు రూపాయలు, విజయవాడలో ఆరు రూపాయల ఎనభై పైసలు తగ్గాలి. డాలరు ఇంకా ఎక్కితే ఈ మొత్తం కూడా ఆ మేరకు పెరుగుతుంది. చమురు దిగిందన్న వార్త వచ్చి మూడు వారాలు గడిచినా ఆ తగ్గుదల కనబడకపోతే, ముందు ఎక్సైజ్ నోటిఫికేషన్ ఏదైనా వచ్చిందా అని చూడాలి. అక్కడ లేకపోతే చమురు సంస్థల త్రైమాసిక ఫలితాల్లో దొరుకుతుంది.